గెడ్డకి అవతలి గట్టు

మా మేనత్త ఆషాఢ మాసం చివర్లో చనిపోయింది. మా నాన్నకి ఆమె స్వయానా అప్ప, అంటే అక్క. నాకు నాలుగక్షరాలు రావడానికి కారణం ఆమే. కొన్నాళ్ళు ఆగి, మనసు కుదుటపడ్డాక ఆమె గురించి నిదానంగా రాయాలనుకున్నాను. ఆగడానికి వీల్లేకపోయింది. వచ్చే మహాలయ అమావాస్యనాడు ఆమె భర్తకి దర్భబొమ్మ కట్టి దహనం చేయాలని మా పెద్దలు నిశ్చయించారు. మావయ్య చనిపోయాడని మాలో ఎవరికీ తెలియదు. బతికున్నాడనీ తెలియదు. యుద్ధం రోజుల్లో బర్మా నుంచి నడిచి వస్తూ, మణిపురం దారిలో ఒక కొండవాగు దగ్గర అత్త ఆయన్ని పోగొట్టుకుంది. ఆ దారిన నడిచి వచ్చినవాళ్ళు ఈ పత్రిక చదివేవారిలో ఉండే ఉంటారు. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

మాది అనకాపల్లిని ఆనుకుని ఉన్న చెరుకు పల్లె. ఉపమాక వైపు సంబంధం చేసి అత్తని పంపారు. మావయ్య పెళ్ళయిన కొత్తలోనే రంగూను వెళ్ళాడు. మావైపు దాన్ని రంగం అంటారు. ఇంటికొకరు రంగం వెళ్ళే రోజులవి. అక్కడ బియ్యం మిల్లులో మూటలు మోసేవాడు. కొన్నేళ్ళకి అత్తని కూడా తీసుకెళ్ళాడు. వాళ్ళకి పిల్లలు లేరు. రంగం మీద బాంబులు పడ్డప్పుడు మావాళ్ళలాంటివాళ్ళకి ఓడల్లో చోటు దొరకలేదు. రైల్లో మండలే దాకా, అక్కణ్ణించి పడవలో కొంత దూరం, ఆ తరవాత కొండల్లో కాలినడక.

విశాఖపట్నం మీద బాంబులు పడి అక్కడి జనమంతా మా ఊళ్ళకి పారిపోయి వచ్చిన ఏడాది అది. వానలు మొదలయ్యాక ఒకరోజు అత్త అనకాపల్లి స్టేషన్లో దిగింది. ఎవరో కబురు చెబితే నాన్న, నేను పరుగెత్తాం. నాన్న ఆమెని గుర్తుపట్టలేదు. ఆమె ముందునించే అటూ ఇటూ నడిచాడు. చివరికి ఆమే పిలిచింది.

"ఓరే తమ్ముడూ, నానురా. మీ బావ ముందొచ్చీసేడా?"

"బావా? బావ నీతోటి రాలేదేటప్పా?"

అత్త ప్లాట్‌ఫారం మీద కూర్చుండిపోయింది. "ఐతే ఎనక బండిలో వత్తాడు" అంది. ఆ వెనక బండి వచ్చింది, పోయింది. దీపాలు వెలిగించే వేళకి నాన్న ఆమె చెయ్యి పట్టుకుని లేపాడు. ఆమె అరికాళ్ళు నేలకి ఆనడం లేదని, మడమల మీద నడుస్తోందని అప్పుడు చూశాను.

మా ఇంట్లో ఆమె ఉన్నన్నాళ్ళూ ఆ కొండలు మా పెరట్లోనే ఉన్నాయి. అంట్లు తోమడం ఆమె పని. తోమినవన్నీ ఒక వరసలో బోర్లించేది. చూసేవాళ్ళకి అది మామూలుగానే కనిపిస్తుంది. ఎవరైనా రంగం సంగతి ఎత్తితే మాత్రం ఆ గిన్నెలనే అటూ ఇటూ జరిపి చూపించేది.

"ఇదిగో, ఈ అండా ఉన్నాది సూడు, ఇది ముసిల్ది. మాతోటి నడిసినోల్లందరూ ఆ కొండని ముసిల్దనే అన్నారు. ఎప్పుడూ నెత్తి మీద మబ్బు ముసుగు. ఈ తప్పేలా ఏనుగు. అలగే పడుకున్నట్టుంటాది. ఈ రెండింటికీ మజ్జిన సందులోంచే దారి. ఈ సెంబుకొండ ఎనకాతల ఏటున్నాదో నానెరగను, అటు పోయినోల్లు ఎరగాలి."

అండాకీ తప్పేలాకీ ఇవతల ఇంకో చెంబుతో నీళ్ళు పోసేది. నీళ్ళు మట్టిలో దారి చేసుకుని తులసికోట దాకా పోయేవి. "ఇదే ఆ గెడ్డ" అనేది. కొండవాగుని మేము గెడ్డ అంటాం.

ఆ గెడ్డ దగ్గర జరిగింది ఆమె చాలాసార్లు చెప్పింది. చెప్పినప్పుడల్లా ఒకేలా చెప్పింది, కలిపింది లేదు, తీసేసింది లేదు. పొద్దున్న వాళ్ళు చేరుకునేసరికి గెడ్డలో నీళ్ళు చీలమండ దాకానే ఉన్నాయట. అత్తకి చలిజ్వరం, కాళ్ళు పుళ్ళు. "నువ్విక్కడ కూకో. మూట అవతల ఎట్టేసి వచ్చి నిన్ను సెయ్యట్టుకుని దాటిత్తాను" అన్నాడట మావయ్య. దాటాడు. అవతలి గట్టు మీద ఒక బండరాయి చూసి మూట దించాడు. వెనక్కి తిరిగాడు. వాళ్ళ నెత్తిమీద ఒక్క చినుకు లేదు. వాన ముసల్దాని మీద పడింది. ముందు నీళ్ళ రంగు మారింది, తరవాత ఆకులు వచ్చాయి, కొమ్మలు వచ్చాయి, చప్పుడు వచ్చింది. ఇద్దరూ చెరో గట్టున ఉండిపోయారు.

"సీకటి పడీదాక ఒకల్నొకలం సూసుకున్నాం. మాట్లాడితే ఇనపడదు. తిన్నావా అని సైగ సేసేడు. తిన్నానని తలూపేను." ఇక్కడికి వచ్చేసరికి అత్త నవ్వేది. "మూటంతా ఆయన కాడే ఉన్నాది. నానేటి తింతానే? అది ఆయనకీ తెల్సు. అయినా నాను తలూపేను, ఆయనా తలూపేడు."

తెల్లవారేసరికి పొగమంచు. నీళ్ళు తీశాయి. ఇవతల ఉన్నవాళ్ళంతా ఒకరినొకరు తోసుకుంటూ దాటారు. అత్తా దాటింది. బండరాయి ఉంది. మావయ్య లేడు, మూటా లేదు. అక్కడ దారి రెండుగా చీలింది. ఒకటి ముసల్దానికీ ఏనుగుకీ మధ్య సందులోకి ఎక్కింది. రెండోది గెడ్డ పక్కనే ఎగువకి, ఆమె చెంబుకొండ అనే కొండ వెనక్కి పోయింది. మంచులో రెండు దార్లలోనూ మనుషులు కదులుతున్నారు.

"మావా! అని కేకేసేను. ఆ గట్టు మీద సగం మంది మావలే. ఒకడు ఓయ్ అన్నాడు, ఒకడు ఏటే అన్నాడు. ఒకడి సెయ్యట్టుకుంటే, నీ మొగుణ్ణి కానే తల్లీ, నా పెళ్ళాం సూత్తే సంపేత్తాది అన్నాడు."

భార్య భర్త పేరు నోటితో అనకూడదన్నది మా వాళ్ళలో ఎవరూ నేర్పకుండానే వచ్చే అలవాటు. పెళ్ళయి అత్తారింటికి వెళ్ళిననాడు గుమ్మంలో ఆడబడుచులు అడ్డం నిలబడి పేరు చెప్పమంటే, కొత్తకోడలు తల వంచుకుని ఒక్కసారి చెబుతుంది. ఆ తరవాత జీవితంలో ఇంక చెప్పదు. ఆ గట్టు మీద శ్రీకాకుళం వైపు ముసలావిడ ఒకామె అత్త అవస్థ చూసిందట.

"పేరెట్టి పిలవే పిల్లా! మావా మావా అంటే ఏ మావ పలుకుతాడు? గుమ్మంలో ఒకపాలి సెప్పేవు కావా, ఇక్కడా సెప్పు."

"నోరు రాట్లేదమ్మా."

"పోనీ నాకు సెప్పు, నానరుత్తాను."

అదీ చెప్పలేకపోయింది. ముసలావిడే ఒక్కొక్క పేరూ అడగడం మొదలుపెట్టింది. అప్పన్నా? రావులా? సింహాద్రా? అత్త తల అడ్డంగా ఊపుతూ వచ్చింది. చివరికి సరైన పేరు వచ్చినప్పుడు నిలువుగా ఊపింది. ముసలావిడ ఆ పేరు పెట్టి గొంతు చించుకుంది. ఆ పేరు మావైపు ఇంటికొకరికి ఉంటుంది. మంచులోంచి నాలుగు మూలలనించీ "ఓయ్" అన్నారు. అత్త అందరి దగ్గరికీ పరుగెత్తింది. అందులో ఆయన లేడు.

"ఆయనకి నా గొంతు తెల్సు" అనేది అత్త. "నా గొంతులో ఆ పేరు తెల్దు. నానే అరిసుంటే ఆగీవోడు."

ఇంకొక సందేహం ఆమెని అన్నిటికంటే ఎక్కువగా తినేసింది. మంచులో ఆమె అవతలికి దాటుతున్నప్పుడే, ఆమె కోసం ఆయన ఇవతలికి దాటి వచ్చాడేమో. అందుకని మళ్ళీ ఇవతలికి దాటింది. ఇక్కడ లేడని మళ్ళీ అటు దాటింది. అలా ఎన్నిమార్లు తిరిగిందో ఆమెకి జ్ఞాపకం లేదు. శ్రీకాకుళం ముసలావిడా, ఆమె కొడుకూ కలిసి రెక్కలు పట్టుకుని ఆమెని సందు దారిలోకి ఈడ్చుకుపోయారు. కొండ ఎక్కుతూ వెనక్కి చూస్తే ఏనుగు నడుము అడ్డం వచ్చి గెడ్డ కనపడలేదట.

ఎగువ దారిన పోయినవాళ్ళు ఏమయ్యారు? ఆ ప్రశ్న అడగడానికే ఆమె ఆ తరవాతి ఏళ్ళన్నీ బతికింది. బర్మా నుంచి తిరిగి వచ్చినవాళ్ళు ఏ ఊళ్ళో ఉన్నారన్నా వెళ్ళేది. పూడిమడక నుంచి ఎండుచేపల గంపలతో వచ్చే ఆడవాళ్ళని ఆపి, మీ ఊళ్ళో రంగం నించి వచ్చినోల్లున్నారా అని అడిగేది. దొరికినవాళ్ళందరూ సందు దారిన వచ్చినవాళ్ళే. కొందరికి ముసల్దనే పేరు కూడా గుర్తుంది. ఎగువ దారి ముందుకెళ్ళి మళ్ళీ రోడ్డులో కలుస్తుందని ఒకరన్నారు. కలవదు, అడవిలో ఆగిపోతుందని ఇంకొకరన్నారు. ఆ దారిన నడిచానని చెప్పిన మనిషి ఒక్కరూ ఆమెకి ఎదురుపడలేదు.

నేను ఐదో తరగతి అయ్యాక నాన్న నన్ను బడి మాన్పించబోయాడు. మా ఇంట్లో నాకు ముందు ఎవరూ పలక పట్టలేదు. "ఆడపిల్ల సదివి ఏటి సేత్తాదప్పా? బెల్లం పెనం కాడ కలెకటేరీ సేత్తాదా?" అన్నాడు.

అత్త గానుగలో పెట్టబోతున్న చెరుకు గడ కింద పెట్టింది. "మండలే టేసన్లో బోర్డు మీద రాసున్నాదిరా, ఏ బండి ఎటెల్తాదో. దాని కింద నిలుసున్నోల్లం అందరం గుడ్డోల్లవే. సదువొచ్చినోడెవడో దారినిపోతా దయతలిసి సెప్తే ఎక్కేం. నా మేనకోడలు అలగ నిలబడకూడదు. అంతే."

నాన్న మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఈవేళ నేను ఆడపిల్లల బడిలో పంతులమ్మని. నా దగ్గర చదివే పిల్లలకి బోర్డు మీద అక్షరం రాసిన ప్రతిసారీ ఆ స్టేషన్ గుర్తుకొస్తుంది. నేను చూడని స్టేషన్ అది.

పై తరగతిలో ఉండగా బడినించి బర్మా పటం అడిగి తెచ్చాను. అత్త చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది. ఐరావతి చూపించాను, ఛింద్విన్ చూపించాను. ఆ గీతల మీద వేలు పెట్టి నెమ్మదిగా పాకించింది.

"నా గెడ్డేదే?"

"చిన్న గెడ్డలు పటంలో వెయ్యరత్తా."

"సిన్నదేటే? మనిషి కేక ఇవతలికి రాలేదు, సిన్నదేటి?" అంది. కాసేపు ఆ కాగితం చూసి, "కొండలకి గోధుమరంగేసేరు. అక్కడ ఏటీ ఈ రంగుండదు" అని లేచిపోయింది. పటం చుట్టి పెట్టేశాను. ఇంకెప్పుడూ ఆమెకి చూపించలేదు.

ఆమె బట్టలు ఉతకడానికి శారదా నదికి వెళ్ళేది. నీళ్ళలో కాలు పెట్టేముందు పడమటి కొండలకేసి చూసేది. అక్కడ నల్లగా ఉంటే ఇసకలో ఆడుకునే పిల్లల్ని తరిమేది.

"ఓరే గుంటల్లారా, బేగి గట్టెక్కండి! కొండ మీద వాన పడతన్నాది."

"ఇక్కడ ఎండ కాత్తంది కదే బర్మా అత్తా!" అని వాళ్ళు వెక్కిరించేవారు. అయినా ఎక్కేవారు. చాలాసార్లు వరద రాలేదు. వాళ్ళు చప్పట్లు కొట్టి నవ్వేవారు. ఆమెకి కోపం రాలేదు. "రాలేదు కదా, మంచిదే" అని తడిబట్టల మూట నెత్తికెత్తుకునేది.

అత్త బొట్టు తీయలేదు, గాజులు తీయలేదు. ఇది ఊరికి పెద్ద చిక్కు అయింది. శ్రావణ శుక్రవారాలకి ఆమెని పిలవాలో మానాలో ఎవరికీ తెలిసేది కాదు. ఒక ఇంట్లో పేరంటానికి పిలిచి, వరసలో అందరికీ నుదుట కుంకం పెట్టి, అత్త దగ్గరికి వచ్చేసరికి చేతిలో వేశారు. నేను పక్కనే ఉన్నాను. అత్త అరచేతిలో కుంకం అలాగే చాపి ఉంచింది.

"నాకు మొగుడున్నాడో లేడో నీకు తెల్సేటమ్మా?"

"నాకేటి తెలుస్తాది పిన్నీ" అంది ఆ ఇల్లాలు, తల దించుకుని.

"నాకూ తెల్దు. ఇద్దరికీ తెల్నప్పుడు నుదుటినెట్టు. తెల్సినాక సేతిలో ఎట్టుదువుగాని."

అందరూ నవ్వేశారు. ఆమె నుదుట పెట్టింది. ఇంటికి రాగానే అత్త పెరట్లోకి వెళ్ళి, తోమిన గిన్నెలే మళ్ళీ తోమింది.

ఒకసారి ఎక్కణ్ణించో ఒక మనిషి వచ్చాడు. మావయ్య పేరు చెప్పాడు. మణిపురంలో కలిశానని, అక్కడ బియ్యం కొట్లో పనిచేస్తున్నాడని, అక్కడి మనిషినే పెళ్ళి చేసుకున్నాడని అన్నాడు. నాన్న పళ్ళు కొరికాడు. అత్త ముఖం మాత్రం వెలిగిపోయింది. "సేసుకుంటే సేసుకున్నాడు. వండి పెట్టీదొకత్తుండాలి కదా" అని, ఆ మనిషికి కోడిని కోసి పెట్టింది. వారం పైన తిన్నాడు. ఒకరోజు ఆమె వడ్డిస్తూ, "గుమ్మాల్లోన తల తగల్దా ఆయనకి?" అని అడిగింది. "పొట్టిమనిషి కదమ్మా, ఎందుకు తగులుతుంది?" అన్నాడు వాడు. మావయ్య మా నట్టింటి దూలానికి చెయ్యి ఆనించి మాట్లాడేంత పొడుగు. అత్త గరిటె చేతిలో పట్టుకుని నిలబడింది. తరవాత వాడి కంచంలో మిగతా కూర కూడా వేసి, "తిను బాబూ, తిని ఎల్లిపో" అంది. వాడు వెళ్ళాక ఆమె నవ్వింది. నవ్వుతూనే పడుకుంది, రెండు రోజులు లేవలేదు.

మావయ్యకి ఒక అన్నగారు ఉన్నారు. మంచి మనిషి. ఏడాదికోసారి వచ్చి, అరుగు మీద కూర్చుని అదే మాట ఎత్తేవారు.

"సచ్చినోడికి నీల్లొదలాలి కదమ్మా. దాహంతోటి తిరుగుతున్నాడేమో నా తమ్ముడు. కల్లోకొత్తన్నాడు. గ్లాసు సాపుతున్నాడు."

"బతికున్నోడికి నీల్లొదిల్తే ఆయనకి మెతుకు గొంతు దిగుతాదా బావా?" అనేది అత్త తలుపు చాటునించి.

ఆయన తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేవారు. ఆమె లోపల ఏడ్చేది. ఆ తరవాత ఆయనకి భోజనం పెట్టేది. ఇద్దరిలో ఎవరిది తప్పో నాకు అప్పుడు తెలియలేదు, ఇప్పుడూ తెలియడం లేదు. దర్భబొమ్మకి నిప్పు పెట్టాక ఆ మనిషి ప్రాణాలతో తిరిగి వచ్చినా మా వాళ్ళు గడప తొక్కనివ్వరు. చచ్చినవాడి కిందే లెక్క. మళ్ళీ పుట్టినట్టు తంతులన్నీ జరిపించాలి. నిప్పు పెట్టకపోతే, ఆయన నిజంగా పోయి ఉంటే, ఇన్నేళ్ళుగా గుక్కెడు నీళ్ళు లేకుండా ఉన్నట్టు. అత్త బతికున్నన్నాళ్ళూ అన్నగారు అడిగారే కాని బలవంతం చేయలేదు.

బర్మా దారిలో పట్టిన చలిజ్వరం ఏటా వానల్లో ఆమెని కుదిపి వదిలేది. ఈ ఏడు వదల్లేదు. ఆఖరి రోజుల్లో ఒక మధ్యాహ్నం నేను బడినించి పరుగున వచ్చేసరికి వీధిలో జనం గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. మా ఇంట్లోంచి అత్త గొంతు. మావయ్య పేరు పెట్టి పిలుస్తోంది. గుమ్మంలో సిగ్గుపడుతూ చెప్పిన పేరు, గెడ్డ గట్టున నోటికి రాని పేరు. ఊరంతా వినపడేటట్టు, ఒక కేక తరవాత ఒక కేక. కళ్ళు తెరిచే ఉన్నాయి కాని మేము కనిపించడం లేదు. నాన్న తలుపులు మూయబోయాడు. "మూయకు నాన్నా, అరవనీ" అన్నాను. తలుపు పట్టుకుని నాన్న అలాగే నిలబడిపోయాడు.

మా పక్కింటి తాతదీ అదే పేరు. చెవులు సరిగా వినపడవు. కర్ర టకటకలాడించుకుంటూ వచ్చి మా గుమ్మంలో నిలబడి, "ఏటమ్మా, పిలిసేరా?" అన్నాడు.

అత్త నోరు మూతపడింది. చెయ్యి తడుముకుని కొంగు తల మీదికి లాక్కుంది. లేచి కూర్చోబోయింది. ఆమె ముఖంలో అప్పుడు కనిపించిన సంతోషం నేనెన్నడూ చూడలేదు, చూడకుండా ఉంటే బాగుండేది. "వచ్చీసేరా" అంది. తాతకి ఏమీ అర్థం కాలేదు. నాన్న ఆయన్ని మెల్లగా అవతలికి తీసుకెళ్ళాడు. అడుగుల చప్పుడు దూరమవుతుంటే అత్త కళ్ళు గుమ్మం వైపే ఉన్నాయి. మళ్ళీ పిలవలేదు. ఎవరినీ పిలవలేదు. మర్నాడు నేను బడిలో ఉండగా పోయింది.

శవానికి కుంకం పెట్టాలా వద్దా అని ఆడవాళ్ళు గొణుక్కున్నారు. "ఎట్టండి" అన్నాడు నాన్న. నిండా పెట్టారు.

పెద్దకర్మనాడు అన్నగారు నాన్న చేతులు పట్టుకున్నారు. "మరదలు పోయింది. ఇంక ఎవరి మాట కోసం ఆగాలి బావా? ఇద్దరికీ నీల్లు ఒదుల్దాం. నానూ రేపో మాపో పోతాను, నా తరవాత ఆడికి ఎవరు సేత్తారు?" నాన్న తల ఊపాడు. మహాలయ అమావాస్య అని ముహూర్తం అనుకున్నారు. నేను అడ్డుపడ్డాను. నాన్న "మా అప్పే పోయింది. ఎవలి కోసం ఎదురుసూత్తాం అమ్మీ? సరే, ఆ రోజు దాకా నీ పత్రికలో ఎయ్యించుకో. ఆనవాలుతో సహా ఎవరైనా రాత్తే ఆపేత్తాను. లేపోతే నన్ను ఆపకు" అన్నాడు. ఆపనని మాట ఇచ్చాను.

నాకు పెద్ద ఆశ లేదు. యుద్ధం ముగిసింది, ఓడలు మళ్ళీ తిరుగుతున్నాయి, రావలసినవాళ్ళు వచ్చేశారు. అత్త ఇన్నేళ్ళు కాళ్ళరిగేలా తిరిగి సంపాదించలేని కబురు నా ఒక్క కాగితానికి దొరుకుతుందని నమ్మడం కష్టంగానే ఉంది. ఒకవేళ ఆయన వచ్చినా, ఆయన్ని అడగడానికి అత్త లేదు. ఆ గెడ్డ దగ్గర ఆ పొద్దున్న ఎటు పోయావు అని ఆమె అడగవలసినది నేను అడిగి ఏం ప్రయోజనం? అయినా బతికున్న మనిషిని కాల్చామన్న మాట మా నాన్న నెత్తిన పడకూడదు. నిజంగా పోయి ఉంటే ఆ సంగతి తెలిసే నీళ్ళు వదలాలి. ఈ రెండిట్లో ఏదో ఒకటి తెలిస్తే చాలు.

ఆ గెడ్డ దాటాక ఎగువకి పోయిన దారిన నడిచినవాళ్ళు గాని, వాళ్ళ మాట విన్నవాళ్ళు గాని దయచేసి రాయండి. ఆ దారి ఎక్కడ తేలిందో చెప్పినా మేలే. మావయ్య బాగా పొడుగు, బియ్యం మిల్లు మనిషి, ఉపమాక వైపువాడు. పేరు ఇక్కడ రాయలేదు. ఆయన చేతి మీద ఉన్న ఒక గుర్తూ రాయలేదు. కలిసినవాళ్ళు ఆ రెండూ మీరే రాస్తే మా నాన్న నమ్ముతాడు. ఈ పత్రికకి రాస్తే నాకు అందుతుంది. భాద్రపద బహుళ దశమి లోపల అందాలి.

శ్రావణం చివర పోలాల అమావాస్యనాడు నాన్న శారద గట్టున దర్భ కోసి తెచ్చి, మోపు కట్టి అటక మీద పెట్టాడు. ఆరితే గాని బొమ్మ కట్టడానికి కుదరదట. తెచ్చిననాడు ఇల్లంతా పచ్చివాసన. ఇప్పుడు వాసన పోయింది. కొసలు తెల్లబడ్డాయి, మొదళ్ళ దగ్గర ఇంకా కొంచెం పచ్చగా ఉంది.